పంపు దగ్గర పన్ను కట్టాక సెటిల్‌మెంట్‌లో మళ్లీ ఫ్యూయల్ ట్యాక్స్ కోత ఎందుకు?

లారెడో_లైన్
క్యారియర్ (సరుకు రవాణా కంపెనీ) దగ్గరే ట్రక్కు లీజుకు తీసుకుని, వాళ్ల అథారిటీ (రవాణా లైసెన్సు) కిందే నడుపుతున్నాను. డ్రై వ్యాన్. టెక్సాస్‌లో లోడ్ ఎత్తి ఒహాయో, పెన్సిల్వేనియా వైపు వెళ్లడం, మళ్లీ కిందికి రావడం. డీజిల్ ఖర్చంతా నాదే. అందుకని యాప్ చూసుకుని బోర్డు మీద రేటు ఎక్కడ తక్కువుంటే అక్కడే ట్యాంకులు నింపుతాను. టెక్సాస్‌లో, ఓక్లహోమాలో నింపుకుంటే పైకి వెళ్లాక ఎక్కువ కొట్టించే పని ఉండదు.

అయినా సెటిల్‌మెంట్‌లో (కంపెనీ ఇచ్చే పేమెంట్ లెక్కలో) 'ఫ్యూయల్ ట్యాక్స్ అడ్జస్ట్‌మెంట్' అని ప్రతి నెలా కోత. పోయిన క్వార్టర్ మొత్తం కూడితే దాదాపు ఒక వారం ట్రక్కు పేమెంట్ అంత అయింది. పంపు దగ్గర పన్నుతో కలిపే కదా డబ్బు కట్టింది? డిస్పాచర్‌ని అడిగితే అకౌంట్స్‌ని అడగమంటాడు. అకౌంట్స్ వాళ్లు 'అది ఇఫ్టా' అని ఒక్క ముక్క చెప్పి ఫోన్ పెట్టేస్తారు. 2290 (బరువు బండ్ల ఫెడరల్ పన్ను) కోత, ప్లేట్ల (రిజిస్ట్రేషన్) కోత వేరే ఉన్నాయి. లీజులో ఉన్నవాళ్లు ఈ లెక్కలు ఎలా చూసుకుంటున్నారో చెప్పండి.

డీజిల్_లెక్క
మీరు నింపేది పన్ను తక్కువ ఉన్న రాష్ట్రాల్లో. కాల్చేది పన్ను ఎక్కువ ఉన్న రాష్ట్రాల్లో. ఆ తేడానే కోస్తున్నారు. ఇఫ్టా అంటే రాష్ట్రాల మధ్య ఇంధన పన్ను సర్దే ఒప్పందం. దానికి మీరు ఎక్కడ కొన్నారన్నది కాదు, ఎక్కడ నడిపారన్నది ముఖ్యం.

ఓవర్‌డ్రైవ్_శ్రీకాకుళం
నాదీ ఇదే బాధ. ఫాలో అవుతున్నా.

లారెడో_లైన్
@డీజిల్_లెక్క అన్నా, కొంచెం అంకెలతో చెప్పరా? ఆ మాట అకౌంట్స్‌లో కూడా చెప్పారు గానీ సరిగ్గా బుర్రకెక్కలేదు.

డీజిల్_లెక్క
సరే, గుండ్రటి అంకెలతో చూద్దాం.

ఒక క్వార్టర్‌లో మీరు 28,000 మైళ్లు నడిపారు, 4,000 గ్యాలన్లు కొన్నారు అనుకోండి. మైలేజీ 7. అందులో టెక్సాస్‌లో 7,000 మైళ్లు నడిపితే అక్కడ మీరు కాల్చింది 1,000 గ్యాలన్లు అని ఇఫ్టా లెక్క. కానీ అక్కడ 1,600 గ్యాలన్లు కొన్నారు. 600 గ్యాలన్ల మీద పన్ను ఎక్కువ కట్టారు. టెక్సాస్ డీజిల్ పన్ను గ్యాలన్‌కి 20 సెంట్లు. మీకు రావాల్సింది 120 డాలర్లు.

ఇప్పుడు పన్ను 70 సెంట్లు ఉన్న రాష్ట్రం ఒకటి అనుకోండి. అక్కడ కూడా 7,000 మైళ్లు నడిపారు, అంటే 1,000 గ్యాలన్లు కాల్చినట్టే. కొన్నది మాత్రం 200. మిగతా 800 గ్యాలన్లకు 70 సెంట్ల చొప్పున 560 కట్టాలి. ఇక్కడ 120 వచ్చి అక్కడ 560 పోతే 440 మీ మీద పడుతుంది. ఇలా మీరు తిరిగిన ప్రతి రాష్ట్రానికీ వేసి మొత్తం కూడతారు.

కాబట్టి ఒకే పన్ను రెండుసార్లు కట్టడం లేదు. పంపు దగ్గర ఒక రాష్ట్రానికి కట్టారు, రోడ్డు అరిగింది ఇంకో రాష్ట్రంలో. ఆ డబ్బును ఒక చోటి నుంచి ఇంకో చోటికి సర్దే ఒప్పందమే ఇఫ్టా. అలాస్కా, హవాయి తప్ప 48 రాష్ట్రాలూ, కెనడాలో 10 ప్రావిన్సులూ అందులో ఉన్నాయి. ఫెడరల్ పన్ను 24.4 సెంట్లు వేరే. అది ఎక్కడ కొన్నా ఒకటే కాబట్టి ఈ సర్దుబాటులోకి రాదు.

ఫ్లాట్‌బెడ్_పద్మ
దీనర్థం బోర్డు మీద రేటు చూసి కొనడమే తప్పు. ఆ రేటులోంచి ఆ రాష్ట్రం పన్ను తీసేసి మిగిలినది చూడాలి. మేము ఇంట్లో దాన్ని 'అసలు రేటు' అంటాం.

ఒక చోట బోర్డు 3.60, పన్ను 20 సెంట్లు. అసలు రేటు 3.40.
ఇంకో చోట బోర్డు 3.95, పన్ను 70 సెంట్లు. అసలు రేటు 3.25.

చూడ్డానికి రెండోది 35 సెంట్లు ఎక్కువ. నిజానికి 15 సెంట్లు తక్కువ. 100 గ్యాలన్లు కొట్టిస్తే 15 డాలర్లు మిగులుతాయి. మా ఆయన రూట్ ముందే చెబితే ఏ స్టేట్‌లో ఎంత కొట్టించాలో నేను ఇంటి దగ్గర్నుంచే లెక్కేసి మెసేజ్ పెడతాను. రాష్ట్రాల పన్ను రేట్లు ఇఫ్టా సైట్‌లో ప్రతి క్వార్టర్‌కీ పెడతారు. అవి ఒక కాగితం మీద రాసి డాష్‌బోర్డు దగ్గర అంటిస్తే చాలు.

ఐ80_బాబాయ్
ఇంత లెక్క ఎందుకమ్మా? పన్ను ఎక్కువ ఉన్న రాష్ట్రంలోనే ట్యాంకులు నింపేస్తే క్వార్టర్ ఆఖర్లో క్రెడిట్ వస్తుంది. నాకు చాలాసార్లు వచ్చింది. కోత బదులు చేతికి డబ్బు రావడం మంచిదేగా.

ఫ్లాట్‌బెడ్_పద్మ
బాబాయ్ గారూ, ఆ వచ్చింది మీ డబ్బే. ముందు పంపు దగ్గర ఎక్కువ కట్టారు, మూడు నెలల తర్వాత అదే వెనక్కి వచ్చింది. లాభం ఎక్కడుంది? అసలు రేటు తక్కువైన చోట కొంటేనే లాభం. అది పన్ను ఎక్కువున్న రాష్ట్రమూ కావచ్చు, తక్కువున్న రాష్ట్రమూ కావచ్చు.

ఐ80_బాబాయ్
ఒప్పుకుంటా. కానీ క్వార్టర్ ఆఖర్న ఒకేసారి పెద్ద కోత పడితే ఆ వారం ఇంటికి ఏం పంపుతావు? చేతిలో డబ్బు ఆడటం కూడా ఒక లెక్కే. క్రెడిట్ వచ్చేలా కొట్టించుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

డీజిల్_లెక్క
బాబాయ్ చెప్పిందాంట్లో న్యాయం ఉంది, కాకపోతే దానికి వేరే దారి ఉంది. ప్రతి వారం పన్ను లెక్క మనమే వేసుకుని ఆ మొత్తం పక్కన పెట్టుకోవడం. అప్పుల ఊబిలో ఉన్న కొత్త డ్రైవర్‌కి అది కష్టమే, తెలుసు.

బే_నంబర్_9
అందరూ ఒక ముఖ్యమైన సంగతి వదిలేశారు. లీజ్ అగ్రిమెంట్‌లో ఇఫ్టా ఎవరు భరించాలని ఉంది? కొన్ని క్యారియర్లు ఇఫ్టా పూర్తిగా తామే కడతాయి, డ్రైవర్ మీద వేయవు. అలాంటి చోట పద్మగారి లెక్క తిరగబడుతుంది. పన్ను సర్దుబాటు నీ జేబులోంచి పోనప్పుడు నీకు బోర్డు రేటే అసలు రేటు. ఎక్కడ బోర్డు తక్కువో అక్కడే కొట్టించు.

ముందు కాగితం చదువు, తర్వాత లెక్క వెయ్యి.

ఫ్లాట్‌బెడ్_పద్మ
@బే_నంబర్_9 నిజం. మాది పన్ను మా మీదే పడే లీజు కాబట్టి నేను అలా చెప్పాను.

లారెడో_లైన్
అగ్రిమెంట్ తీశాను. 'ఇంధన పన్నులు కాంట్రాక్టర్ భరించాలి' అని ఒక్క లైను ఉంది. ఎలా లెక్కిస్తారో ఎక్కడా లేదు. డీజిల్ డిస్కౌంట్ గురించి కూడా లేదు. ఫ్యూయల్ కార్డు మాత్రం వాళ్లదే వాడాలి.

ఖాతా_పుస్తకం
డ్రైవర్ల ట్యాక్స్ ఫైలింగ్ చేస్తుంటాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. మీలాంటి సెటిల్‌మెంట్లు నా టేబుల్ మీదికి చాలా వస్తాయి.

ఫెడరల్ లీజింగ్ నిబంధనల్లో 49 సి.ఎఫ్.ఆర్. 376.12 అని ఉంటుంది. లీజులో ఏమేం రాసి ఉండాలో అందులో ఉంది. ఇంధనం ఎవరిది, ఇంధన పన్నులు ఎవరివి, ఖాళీ మైళ్లు, పర్మిట్లు, టోల్, ప్లేట్లు ఎవరివి, అన్నీ స్పష్టంగా రాయాలి. అదే సెక్షన్‌లో 'హెచ్' భాగం మీకు పనికొస్తుంది. క్యారియర్ ముందు కట్టి తర్వాత మీ సెటిల్‌మెంట్‌లో కోసుకునే ప్రతి ఐటమ్‌నీ లీజులో చెప్పాలి, ఆ మొత్తం ఎలా లెక్కిస్తారో కూడా చెప్పాలి. ఆ కోత సరైనదో కాదో చూసుకోవడానికి కావాల్సిన కాగితాల కాపీలు అడిగితే ఇవ్వాలి.

'అది ఇఫ్టా' అని ఫోన్ పెట్టేస్తే సరిపోదన్నమాట. ఈమెయిల్‌లో రాసి అడగండి. ఆ క్వార్టర్‌కి నా యూనిట్ నంబర్ మీద రాష్ట్రాలవారీ మైళ్లు, రాష్ట్రాలవారీ గ్యాలన్లు, వాడిన మైలేజీ అంకె, వాడిన పన్ను రేట్లు పంపండి అని. నాలుగు ముక్కలే. ఫోన్‌లో మాత్రం అడగొద్దు.

అది వచ్చాక మొదట చూడాల్సింది ఏ మైలేజీ వాడారన్నది. క్యారియర్ ఇఫ్టా రిటర్న్ మొత్తం ఫ్లీట్‌కి కలిపి ఒక్కటే వేస్తుంది, అందులో ఫ్లీట్ సగటు మైలేజీ ఉంటుంది. రిటర్న్‌కి అది సరైనదే. కానీ అదే సగటుతో మీ ఒక్కరి కోత లెక్కిస్తే, బండి పొదుపుగా నడిపేవాడికి నష్టం. మీరు 28,000 మైళ్లు నడిపారు, మీ మైలేజీ 7.8. కాల్చింది సుమారు 3,590 గ్యాలన్లు. ఫ్లీట్ సగటు 6.4 వేస్తే 4,375 గ్యాలన్లు కాల్చినట్టు వస్తుంది. కాల్చని 785 గ్యాలన్లకు పన్ను మీ మీద. గ్యాలన్‌కి సగటున 40 సెంట్లు వేసుకున్నా 314 డాలర్లు, ఒక్క క్వార్టర్‌లో.

రెండోది, క్రెడిట్ వచ్చిన క్వార్టర్‌లో ఆ క్రెడిట్ మీకు ఇచ్చారా? కోత పడినప్పుడు మీది, మిగిలినప్పుడు వాళ్లది అంటే ఒప్పుకోకూడదు.

ఓవర్‌డ్రైవ్_శ్రీకాకుళం
ఈ పోస్టు ప్రింట్ తీసి ట్రక్కులో పెట్టుకుంటా.

గేర్_పదమూడు
మీరంతా సెంట్ల కోసం కొట్టుకుంటున్నారు. డబ్బు పోయేది ఎక్కడో తెలుసా? కుడికాలు కింద. స్పీడు.

సంవత్సరానికి 1,20,000 మైళ్లు నడుపుతామనుకో. 6.5 మైలేజీతో 18,460 గ్యాలన్లు. 7.5 మైలేజీతో 16,000. తేడా 2,460 గ్యాలన్ల పైచిలుకు. డీజిల్ 3.80 ఉంటే 9,300 డాలర్లు దాటుతుంది. ఇఫ్టా మీద ఎంత తల పగలగొట్టుకున్నా అంత మిగలదు. 55 దాటాక గంటకు పెరిగే ప్రతి మైలుకీ సుమారు 0.1 మైలేజీ పోతుందని ట్రక్కింగ్‌లో అందరూ వాడే లెక్క. నేను 62 దగ్గర క్రూయిజ్ పెడతా. వెనకాల వాడు హారన్ కొడితే కొట్టనీ.

ఐ80_బాబాయ్
హారన్ కొట్టేది నేనే అయ్యుంటాను తమ్ముడూ.

గేర్_పదమూడు
ఆ నీలం రంగు బండి మీదేనా బాబాయ్?

రీఫర్_రాత్రులు
@గేర్_పదమూడు స్పీడు మాట నిజమే గానీ, నా లోడ్లకి అపాయింట్‌మెంట్ టైట్. 62లో పోతే అవర్స్ (రోజుకి నడపనిచ్చే గంటలు) అయిపోతాయి, రెండో లోడ్ పోతుంది. ఒక లోడ్ పోతే అందులో మిగిలిన డీజిల్ డబ్బు ఎందుకు పనికొస్తుంది? అందరికీ ఒకే స్పీడు కుదరదు. నేను టైమున్న చోట తగ్గిస్తాను, లేని చోట తగ్గించను.

నాకు బాగా కలిసొచ్చింది ఐడిలింగ్ ఆపడం. ఇంజిన్ ఊరికే తిరుగుతుంటే గంటకు సుమారు 0.8 గ్యాలన్ తాగుతుంది. రాత్రి 8 గంటలు పడుకుంటే 6.4 గ్యాలన్లు, 24 డాలర్లు నిద్రలో పోయినట్టే. ఏపీయూ (పెద్ద ఇంజిన్ ఆపినా ఏసీ, కరెంటు ఇచ్చే చిన్న ఇంజిన్) ఉంటే అందులో మూడో వంతు కూడా కాదు. లీజు ట్రక్కు ఎంచుకునేటప్పుడే ఏపీయూ ఉన్న బండి అడగండి, తర్వాత వాళ్లు పెట్టరు.

ఇంకోటి, ఐడిలింగ్‌లో కాల్చిన డీజిల్ కూడా ఇఫ్టాలో కలిసిపోతుంది. మైళ్లు పెరగవు, గ్యాలన్లు పెరుగుతాయి, మైలేజీ పడిపోతుంది. అప్పుడు ప్రతి రాష్ట్రంలోనూ ఎక్కువ కాల్చినట్టు లెక్క వస్తుంది.

డీజిల్_లెక్క
@గేర్_పదమూడు రెండూ చెయ్యొచ్చు కదా. స్పీడు తగ్గిస్తే ఇఫ్టా లెక్క మానాలని ఎక్కడా లేదు. 9,300 మిగిలాక ఇఫ్టా కోతలో ఏడాదికి 1,200 పోయినా పర్లేదనడం నాకు నచ్చదు.

గేర్_పదమూడు
ఆ మాట ఒప్పుకుంటా. ఎక్కువ మిగిలేదాన్ని ముందు చూడమన్నాను, అంతే.

బే_నంబర్_9
ఫ్యూయల్ సర్‌చార్జ్ (డీజిల్ ధరను బట్టి లోడ్ రేటుకి కలిపే మొత్తం) గురించి ఎవరూ అనలేదు. పర్సంటేజ్ మీద (లోడ్ రేటులో వాటాకి) నడిపేవాళ్లు ఇది తప్పక చూడాలి.

మామూలుగా సర్‌చార్జ్ ఇలా వేస్తారు. ఈఐఏ (ఫెడరల్ ఇంధన గణాంకాల సంస్థ) ప్రతి వారం దేశ సగటు డీజిల్ ధర ప్రకటిస్తుంది. అందులోంచి కాంట్రాక్టులో రాసుకున్న బేస్ ధర తీసేసి, ఒక మైలేజీతో భాగిస్తారు. సగటు 3.80, బేస్ 1.20, మైలేజీ 6.5 అయితే మైలుకు 40 సెంట్లు. అది లోడున్న మైళ్లకే వస్తుంది. ఖాళీగా పోయిన మైళ్లకు డీజిల్ పూర్తిగా నీదే. అందుకే దూరం నుంచి 'మంచి రేటు' లోడ్ అని డిస్పాచర్ ఊరిస్తే, ముందు ఎంత డెడ్‌హెడ్ ఉందో అడగండి. ఆ ఖాళీ మైళ్ల డీజిలూ, ఇఫ్టా మైళ్లూ రెండూ మీ లెక్కలోనే పడతాయి.

బ్రోకర్ లోడ్లలో చాలావరకు సర్‌చార్జ్ వేరుగా చూపించరు, అంతా కలిపి ఒకటే రేటు. నీ వాటా పర్సంటేజ్‌లో ఉంటే రేటెడ్ ఫ్రైట్ బిల్లు (లోడ్ రేటు చూపించే బిల్లు) కాపీ నీకు ఇవ్వాలని అదే 376.12లో ఉంది. అందులో సర్‌చార్జ్ కనిపిస్తుంది, లీజు ప్రకారం నీకు వచ్చిందో లేదో చూడు.

గల్ఫ్‌కోస్ట్_వాసి
2022 జూన్‌లో సగటు 5.80 దాటినప్పుడు సర్‌చార్జ్ డ్రైవర్‌కి రాని లీజులో ఉన్నాను. ఆ వేసవి చాలామంది బండి తాళాలు ఇచ్చేసి కంపెనీ డ్రైవర్లుగా వెళ్లిపోయారు. నేను అప్పు చేసి నిలబడ్డాను. తర్వాత లీజు మారేటప్పుడు ముందు ఆ క్లాజే చూశాను.

లారెడో_లైన్
2290 గురించి కూడా ఎవరైనా చెప్పండి. వారానికి 25 డాలర్లు 'హెవీ యూజ్ ట్యాక్స్' అని పోతోంది. ఇది కరెక్టేనా?

ఖాతా_పుస్తకం
వారానికి 25 అంటే ఏడాదికి 1,300. ఫారం 2290 మీద 75,000 పౌండ్లు దాటిన బండికి ఏడాదికి గరిష్ఠంగా 550 డాలర్లు. 55,000 పౌండ్ల దగ్గర 100తో మొదలై, ఆపైన ప్రతి 1,000 పౌండ్లకు 22 చొప్పున పెరుగుతూ అక్కడికి వెళ్లి ఆగుతుంది. 550ని 52 వారాలకు పంచితే వారానికి 11 డాలర్లు కూడా రాదు.

అంటే ఆ 25లో ప్లేట్లో, ఇంకేవో కూడా కలిపి ఉండాలి. లేకపోతే ఎక్కువ కోస్తున్నట్టే. అడగండి.

దీని సంవత్సరం జులై 1 నుంచి మరుసటి జూన్ 30 వరకు. జులైలో రోడ్డు మీదున్న బండికి ఆగస్టు 31 లోపు కట్టాలి. బండిని జనవరిలో తొలిసారి రోడ్డెక్కిస్తే మిగిలిన 6 నెలలకే, అంటే 275. చట్టప్రకారం కట్టాల్సింది బండి ఎవరి పేరు మీద రిజిస్టరై ఉందో వాళ్లు. లీజు ట్రక్కు సాధారణంగా కంపెనీ పేరు మీదే ఉంటుంది, లీజులో రాసి మీ దగ్గర వసూలు చేస్తారు. మీరు మధ్యలో లీజులోకి వచ్చుంటే, ఆ ఏడాదికి ముందే కట్టేసిన మొత్తాన్ని మళ్లీ పూర్తిగా మీ దగ్గర తీసుకుంటున్నారేమో చూడండి. స్టాంపు పడిన షెడ్యూల్ 1 (2290 కట్టిన రుజువు) కాపీ అడిగి తీసుకోండి.

క్యాస్కేడ్_క్లైంబ్
పడమటి వైపు నడిపేవాళ్లకి ఒక మాట. ఒరెగాన్‌ని మామూలు రాష్ట్రంలా చూడొద్దు. అక్కడ పెద్ద ట్రక్కులకు డీజిల్ పన్ను బదులు వెయిట్-మైల్ పన్ను ఉంటుంది. 26,000 పౌండ్లు దాటిన బండికి బరువును బట్టి మైలుకు ఇంత అని, 80,000 దగ్గర 20 సెంట్ల పైనే. ఇఫ్టాలో ఒరెగాన్ డీజిల్ రేటు సున్నా. అందుకని అక్కడ డీజిల్ చౌకగా కనిపించి 'అబ్బా' అనుకుని ట్యాంకులు నింపితే, కాలిఫోర్నియాలో నడిపిన మైళ్లకు ఒక్క సెంటు కూడా క్రెడిట్ ఉండదు. అసలు రేటు లెక్కే ఇక్కడా. సున్నా తీసేస్తే బోర్డు రేటే అసలు రేటు.

ఐ-5లో నేను ఎక్కువ ఉంటాను కాబట్టి ఇది బాగా తెలుసు.

డీజిల్_లెక్క
ఇలాంటివే ఇంకొన్ని. కెంటకీలో 60,000 పౌండ్ల దగ్గర్నుంచి కేవైయూ అనే మైళ్ల పన్ను, మైలుకు 2.85 సెంట్లు. దానికి తోడు ఇఫ్టాలో కెంటకీకి సర్‌చార్జ్ లైను వేరే ఉంటుంది. అక్కడ పంపు దగ్గర ఎంత కొన్నా ఆ సర్‌చార్జ్ తప్పదు, కాల్చిన గ్యాలన్ల మీద వేస్తారు. న్యూ మెక్సికోలో వెయిట్ డిస్టెన్స్ పన్ను. కనెక్టికట్ 2023 జనవరి నుంచి హైవే యూజ్ ఫీజు పెట్టింది, బరువును బట్టి మైలుకు 2.5 నుంచి 17.5 సెంట్ల దాకా. న్యూయార్క్‌లో హెచ్‌యూటీ (హైవే యూజ్ ట్యాక్స్), అందులో త్రూవే (అక్కడి టోల్ హైవే) మీద టోల్ కట్టిన మైళ్లు మినహాయింపు.

న్యూయార్క్‌ది ఎందుకు చెబుతున్నానంటే, టోల్ తప్పించుకోవడానికి పక్క రోడ్డు పట్టేవాళ్లు ఆ పన్ను, ఆ సిగ్నళ్ల దగ్గర కాలే డీజిల్, పోయే టైమ్ లెక్కలో వేయరు. టోల్ బిల్లు ఒక్కటే కళ్లకు కనిపిస్తుంది.

ఐ80_బాబాయ్
పెన్సిల్వేనియా టర్న్‌పైక్ టోల్ చూశాక ఎవడికైనా పక్క రోడ్డే కనిపిస్తుంది. నేను ఐ-80 మీద పోతా. ఆ రాష్ట్రంలో అది టోల్ లేకుండా అడ్డంగా దాటిస్తుంది.

డీజిల్_లెక్క
మీ రూట్‌కి అది సరిపోతుంది బాబాయ్. పిట్స్‌బర్గ్ నుంచి హారిస్‌బర్గ్ వెళ్లేవాడికి ఐ-80 చుట్టు దారి.

లారెడో_లైన్
ఖాతా_పుస్తకం గారు చెప్పినట్టే ఈమెయిల్ పెట్టాను. షీట్ పంపారు.

మైలేజీ 6.5 వేశారు. నా రసీదులూ ఓడోమీటరూ చూస్తే ఆ క్వార్టర్‌కి నాది 7.3. షీట్‌లో ఇంకో సంగతి కనిపించింది. ఒహాయోలో కొట్టించిన రెండు రసీదులు అసలు లెక్కలోనే లేవు. ఆ రోజు కంపెనీ కార్డు పని చెయ్యక నా సొంత కార్డుతో కట్టాను, రసీదులు ఫొటో తీసి యాప్‌లో పంపాను. వాళ్ల సిస్టమ్‌లోకి ఎక్కలేదట. అంటే ఒహాయోకి పన్ను కట్టి కూడా కట్టనట్టు అయ్యింది.

రీఫర్_రాత్రులు
సొంత కార్డు రసీదులకి ఇది మామూలే. ఫ్యూయల్ కార్డు డేటా నేరుగా వెళ్తుంది, మిగతావి ఎవరో కూర్చుని ఎక్కించాలి.

ఖాతా_పుస్తకం
రసీదు మీద తేదీ, అమ్మినవారి పేరు, అడ్రసు, గ్యాలన్లు, ఇంధనం రకం, ధర, యూనిట్ నంబర్, కొన్నవారి పేరు ఉండాలి. ఇవి ఉంటే వాళ్లు కాదనలేరు. వేడికి అక్షరాలు మాయమయ్యే కాగితం కాబట్టి అదే రోజు ఫొటో తీసిపెట్టుకోండి. ఇఫ్టా రికార్డులు 4 సంవత్సరాలు ఉంచాలి.

రికార్డులు సరిగ్గా లేకపోతే ఆడిట్‌లో మైలేజీని 4కి దించే అధికారం ఉంది, లేదా ఉన్నదాంట్లో 20 శాతం తగ్గిస్తారు. 28,000 మైళ్లకు 4 వేస్తే 7,000 గ్యాలన్లు. మీరు నిజంగా కొన్నది 4,000. మిగతా 3,000 గ్యాలన్ల పన్ను ఎవరి నెత్తిన పడుతుందో చెప్పక్కర్లేదు. సొంత అథారిటీకి వెళ్లాలనుకునేవాళ్లు ఇది ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి. రిటర్న్ ఆలస్యమైతే 50 డాలర్లు, లేదా కట్టాల్సిన పన్నులో 10 శాతం, ఏది ఎక్కువైతే అది పెనాల్టీ. గడువులు ఏప్రిల్ 30, జులై 31, అక్టోబర్ 31, జనవరి 31.

బే_నంబర్_9
@లారెడో_లైన్ 6.5కి వాళ్లు ఏమన్నారు?

లారెడో_లైన్
'అందరికీ అదే వేస్తాం' అన్నారు. లీజులో ఆ పద్ధతి ఎక్కడ రాశారో చూపించమని, 376.12 పేరు పెట్టి మళ్లీ మెయిల్ పెట్టాను. రెండు రోజులకు మేనేజరే ఫోన్ చేశాడు. ఒహాయో రసీదులు కలుపుతారట. ఇకనుంచి నా ట్రక్కు మైలేజీతోనే లెక్కిస్తారట. పాత క్వార్టర్లు 'చూస్తాం' అన్నాడు. 25 డాలర్ల కోతలో ప్లేట్లు కూడా కలిపారట, ఇప్పుడు విడదీసి చూపిస్తామన్నాడు.

గల్ఫ్‌కోస్ట్_వాసి
ఫోన్‌లో అన్నదాన్ని మెయిల్‌లో రాయించు తమ్ముడూ. 'మనం మాట్లాడుకున్నది ఇదీ' అని నువ్వే రాసి పంపు. కాదంటే వాళ్లే జవాబివ్వాలి.

ఓవర్‌డ్రైవ్_శ్రీకాకుళం
నేనూ అదే మెయిల్ పెట్టాను. ఇంకా జవాబు లేదు. ట్రక్కు వాళ్లదే, లోడ్లు ఇచ్చేదీ వాళ్లే. గట్టిగా అడిగితే లోడ్లు తగ్గిస్తారేమోనని భయం.

బే_నంబర్_9
ఆ భయం ఊరికే వచ్చింది కాదు. ట్రక్కూ లోడ్లూ ఒకరి చేతిలోనే ఉండే లీజ్-పర్చేజ్‌లో (లీజు కడుతూ చివరికి ట్రక్కు కొనుక్కునే పద్ధతిలో) డ్రైవర్‌కి బేరం ఉండదు. ఇదే విషయం పరిశీలించడానికి ఫెడరల్ ప్రభుత్వం వేసిన ట్రక్ లీజింగ్ టాస్క్ ఫోర్స్ 2025 జనవరిలో రిపోర్ట్ ఇచ్చింది. క్యారియర్ల లీజ్-పర్చేజ్ ప్రోగ్రాములను నిషేధించాలని కాంగ్రెస్‌కి సిఫారసు చేసింది. అంటే ఇబ్బంది నీ ఒక్కడిదే కాదు. మర్యాదగా, రాతలో, మళ్లీ మళ్లీ అడుగు. ప్రతి సెటిల్‌మెంట్ దాచుకో. లీజు వదిలేసే రోజు వస్తే ఎస్క్రో డబ్బు (వాళ్ల దగ్గర ఉంచిన డిపాజిట్) 45 రోజుల్లోపు తిరిగివ్వాలి. అప్పుడు చివరి ఇఫ్టా కోత పేరుతో అందులోంచి ఎంత తీస్తారో చూసుకోవడానికి ఈ కాగితాలే కావాలి.

ఖాతా_పుస్తకం
ఇంకో పక్క కూడా చూడండి. మీకు 1099 (కాంట్రాక్టర్ ఆదాయం చూపే ఫారం) వస్తుంది కాబట్టి మీరు కట్టిన డీజిల్, ఇఫ్టా కోత, 2290 వాటా, టోల్, లీజు పేమెంట్ అన్నీ షెడ్యూల్ సి (సొంత వ్యాపారం లాభనష్టాల ఫారం) మీద ఖర్చు కింద వెళ్తాయి. కోతల్ని విడివిడిగా రాయించుకోమనేది అందుకు కూడా. 'మిసలేనియస్' అని ఒక్క అంకె ఉంటే నేను దాన్ని ఎక్కడ పెట్టను?

రీఫర్_రాత్రులు
ఖర్చులంటే గుర్తొచ్చింది. రీఫర్ యూనిట్‌లో (ట్రైలర్‌ని చల్లబరిచే యంత్రంలో) పోసిన డీజిల్ ఇఫ్టాలో కలపకూడదు కదా? మా వాళ్లు ఒకే రసీదు మీద రెండూ ఉంటే మొత్తం ట్రక్కు గ్యాలన్లలో వేస్తున్నారు.

ఖాతా_పుస్తకం
కలపకూడదు. అది బండిని నడిపే ఇంధనం కాదు. కలిపితే మీ మైలేజీ తప్పుగా పడిపోతుంది. పంపు దగ్గర ట్రాక్టర్, రీఫర్ అని విడిగా నొక్కి, రసీదులో రెండు లైన్లు వచ్చేలా చూసుకోండి. రీఫర్‌లో మామూలు డీజిల్ పోస్తే దాని మీద కట్టిన ఫెడరల్ పన్నుకు ఫారం 4136లో క్రెడిట్ అడగొచ్చు. ఎర్ర డీజిల్ (రోడ్డు మీద వాడకూడని, రంగు కలిపిన డీజిల్) పోస్తే ఆ పన్నే ఉండదు కాబట్టి క్రెడిట్ కూడా ఉండదు. కానీ ఆ ఎర్రది పొరపాటున కూడా ట్రక్కు ట్యాంకులో పడకూడదు. ఫెడరల్ పెనాల్టీ 1,000 డాలర్లు, లేదా గ్యాలన్‌కి 10 చొప్పున, ఏది ఎక్కువైతే అది.

రీఫర్_రాత్రులు
4136 సంగతి ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. పోయిన ఏడాది రసీదులు ఉన్నాయి. వాటికి ఇప్పుడు అడగొచ్చా?

ఖాతా_పుస్తకం
ఆ ఏడాది రిటర్న్ వేసేశారా లేదా అన్నదాన్ని బట్టి దారి మారుతుంది. గ్యాలన్లు నెలలవారీగా కూడి, డీజిల్ ఎవరి డబ్బుతో కొన్నదో కూడా రాసి మెసేజ్ పెట్టండి, చూసి చెబుతాను.